పద్నాలుగు వందల ఇరవై రెండు

ముందు తననే పిలిస్తే బాగుండు అనుకుంది ఖుష్నుమా, అనుకున్న మరుక్షణమే వద్దు వద్దు, ముందు సారవ్వనే పిలవనీ అనుకుంది, ఆ రెండో కోరిక ఎక్కడి నుంచి పుట్టిందో తెలుసు గనక తనమీద తనకే రోత కలిగింది. ట్రైనింగ్ సెంటర్ వరండాలో ఇనప బెంచీ ఒక్కటే ఉంది, దానిమీద ఇద్దరూ భుజాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. ఎదురుగా మూసిన తలుపు. తలుపు లోపల ఊటవాగు బొగ్గుబాయి ప్రమాదం మీద విచారణ. పదహారు రోజుల కింద ఆ బాయిలో గ్యాసు అంటుకొని ఇద్దరు పోయారు: ఒకరు బొగ్గు నింపే ఆగయ్య, ఇంకొకరు గ్యాసు చూసే సర్దారు నర్సింగం. ఆ నర్సింగం భార్యే పక్కన కూర్చున్న సారవ్వ. నుదుట బొట్టు తీసేసిన చోట చర్మం గుండ్రంగా తెల్లగా ఉంది, ముప్పై ఏళ్లుగా ఎండ తగలని చోటు మరి. దాన్ని చూడకూడదని ఖుష్నుమా ఎటెటో చూసింది. వానలో తడుస్తున్న సైకిలు స్టాండు, దూరంగా మబ్బులో సగం మునిగిన జ్యోతినగర్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు, మొన్న ఢిల్లీలో తెలంగాణ ప్రకటన వచ్చిన రాత్రి పిల్లలు చల్లిన గులాలు గోడ మీద చారలు చారలుగా కారిన మరకలు. ఎటు చూసినా చూపు మళ్లీ ఆ తెల్ల మచ్చ దగ్గరికే వస్తోంది.

"నీళ్లు తాగుతవా బిడ్డా," అని సారవ్వ సంచిలోంచి సీసా తీసింది, తీశాక నాలుక కరుచుకుంది. "అయ్యో, ఒక్కపొద్దు గదా నీకు. మతి పాడుగాను." సీసాను మళ్లీ సంచిలో పెట్టేసింది, తనూ తాగలేదు. నువ్వు తాగు చిన్నమ్మా అంటే నాకొద్దు అంది. పొద్దున్నుంచి ఇద్దరి మధ్యా నడిచినవి ఇట్లాంటి మాటలే. ఎట్లొచ్చినవ్, ఆటోల వచ్చిన. అమ్మ మంచిగుందా, మంచిగుంది. చిన్నోడు రాలేదా, ఇంట్ల ఉన్నడు. చిన్న మాటలు ఎంత సులువుగా ఆ ఒడ్డుకు చేరిపోతాయో ఖుష్నుమాకు తెలిసినంతగా ఈ కోల్‌బెల్టులో ఇంకెవరికీ తెలియదు. రంజాన్ నెల ఇంకా మూడు రోజులుంది. రోజా ఉండి అబద్ధమాడితే ఆ ఆకలి ఆకలిగానే మిగిలిపోతుందని అమ్మ నుస్రత్ బేగం చిన్నప్పుడే చెప్పింది, అమ్మ చెప్పిన వందలో ఇదొక్కటే ఎందుకు గుర్తుండిపోయిందో. కానీ చెప్పకపోవడం అబద్ధం కిందికి వస్తుందా? ఎవరూ అడగనప్పుడు ఊరుకోవడం అబద్ధమెట్లా అవుతుంది? ఈ ప్రశ్న పదహారు రోజులుగా సహరీ వేళ ఒకసారి, ఇఫ్తారు వేళ ఒకసారి వేసుకుంటూనే ఉంది, మనిషి మనసంత గడుసు వకీలు ఇంకోటి ఉండదు, ప్రతిసారీ ఏదో ఒక వాయిదా తెచ్చుకుంటూనే ఉంది.

నర్సింగం కాక ఆమెకు చుట్టమేం కాదు. నాన్న అబ్దుల్ వహాబ్ అదే బాయిలో ఫిట్టరు, బొగ్గు టబ్బులను లాగే తాడూ మోటారూ చూసేవాడు. ఇద్దరిదీ ఒకే షిఫ్టు, పైకొచ్చాక ఒకే బీడీకట్ట, దసరాకు ఆ ఇంటినుంచి ఈ ఇంటికీ ఈద్‌కు ఈ ఇంటినుంచి ఆ ఇంటికీ గిన్నెలు నడిచేవి. ఇంటరు అయ్యాక లక్ష్మీనగర్‌లో కంప్యూటరు కోర్సుకు ఆమెను సైకిలు మీద దించింది నర్సింగమే, నాన్న మోకాళ్లు అప్పటికే పోయాయి. ఏరియా ఆఫీసులో కంప్యూటరు గదిలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికిన రోజు కాలనీ అంతా తిరిగి మైసూర్‌పాకు పంచింది కూడా ఆయనే. "కింద మేమున్నం, పైన మా వహాబ్ బిడ్డ ఉన్నది, ఇగ నాకేం ఫికర్," అని దీపాల గది దగ్గర లైను కట్టిన వాళ్లకు చెప్పేవాడట, విన్నవాళ్లు ఆమెకు చెప్పి ఆటపట్టించేవాళ్లు. ఆడది బాయిలోకి దిగకూడదని చట్టం. కాబట్టి ఆమె ఎన్నడూ దిగలేదు, దిగినవాళ్లు పీల్చే గాలిని మాత్రం తెచ్చి ఆమె టేబుల్ మీద పెట్టారు. గోడలకు బిగించిన పరికరాలు గాలిలో గ్యాసు ఎంతుందో చూసి ఆ అంకెను బాయి ఆఫీసు కంప్యూటరుకు ఇస్తాయి, అది ఏరియా ఆఫీసులోని సర్వరుకు పంపుతుంది, సర్వరు దాన్ని ఆమె తెర మీద పచ్చగానో ఎర్రగానో చూపిస్తుంది. పచ్చగా ఉంటే కింద అందరూ బాగున్నట్టు. ఏడాదిన్నరగా ఆమె చూసినదంతా పచ్చ రంగే.

పోయినేడు దాకా ఆ సర్వరు నిజంగా ఒక డబ్బా, మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది, వర్షాకాలం పిల్లి వచ్చి దాని వెనక పడుకునేది. తరువాత హైదరాబాదు నుంచి పెద్ద యంత్రం ఒకటి దిగింది. లైనక్సు మీద నడిచే ఆ ఒక్క యంత్రంలోనే పది కంప్యూటర్లను ఉత్తుత్తిగా నిలబెట్టి పాత డబ్బాల పనంతా వాటికి అప్పజెప్పారు. వర్చువల్ అంటారు. ముట్టుకుందామంటే ఏమీ ఉండదు, పని మాత్రం ఆగదు. ఓ ఆదివారం మటన్ గిన్నె పట్టుకొచ్చిన నర్సింగానికి ఆ సంగతి చెబితే పొట్ట పట్టుకొని నవ్వాడు. "అంటే దయ్యాలతోని డ్యూటీ చేయిస్తున్నరా బిడ్డా? మరి వాటికి ఆదివారం మస్టరు కింద డబల్ జీతం ఉంటదా?" అప్పుడు అందరూ నవ్వారు, సారవ్వ కూడా. ఆ నవ్వు ఇప్పుడు గుర్తుకు రావడం ఎందుకు, పక్కన కూర్చున్న మనిషి ఊపిరి వినపడుతుండగా.

ఎక్కడో ఓపెన్‌కాస్టు గనిలో పేలుడు, కాళ్ల కింద నేల సన్నగా అదిరి ఊరుకుంది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఈ ఊళ్లో పుట్టినవాళ్లెవరూ దానికి తల కూడా తిప్పరు, కానీ సారవ్వ ఉలిక్కిపడి ఖుష్నుమా చెయ్యి పట్టుకుంది, పట్టుకొని వదిలేసింది. ఇప్పుడే చెప్పాలి. చిన్నమ్మా, ఒక మాట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, వచ్చి అక్కడే ఆగిపోయింది. ఏమని మొదలుపెట్టాలి? పింగ్ అంటే ఏమిటో చెప్పాలా ముందు? ప్రతి షిఫ్టు మొదట్లో లింకు చూసి రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. లింకు చూడటమంటే పింగ్ కొట్టడం. ఇటునుంచి ఒక చిన్న మాట పోతుంది, ఉన్నావా అని. అటునుంచి తిరిగి వస్తుంది, ఉన్నా అని. అరవై నాలుగు బైట్లు, చిటికెడంత. వచ్చిందా, రాసెయ్, లింక్ ఓకే, ఖుష్నుమా. వెయ్యిసార్లు రాసి ఉంటుంది. ఆ రోజు కూడా రాసింది. ఆ రోజు పన్నెండూ యాభైకి ఫోను మోగినప్పుడు ఇంకోసారి కొట్టి చూసింది కూడా, అందుకే అంత ధీమాగా చెప్పింది.

ఫోను బాయి లోపలి నుంచి. రూలు ప్రకారం అది బాయి ఆఫీసుకు పోవాలి, వాళ్లు పుస్తకంలో టైముతో సహా రాసుకోవాలి. నర్సింగం అట్లా చెయ్యలేదు, నేరుగా ఆమె టేబుల్‌కే చేశాడు, వహాబ్ బిడ్డ ఉండగా ఆఫీసోళ్లతో ఏం పని అనుకున్నాడో. "బిడ్డా, నేను కాకను. దీపంల టోపి లేస్తున్నది. నీ తాన ఎంత చూపుతున్నది జర జూడు." టోపీ అంటే ఆమెకు తెలుసు. సర్దారు చేతిలో జాలీ వెనక వెలిగే చిన్న దీపం ఉంటుంది, గాలిలో గ్యాసు చేరితే ఆ మంట నెత్తిన సన్నటి నీలం టోపీ లేస్తుంది, అది ఎంత ఎత్తు లేస్తే అంత గ్యాసు. నూటికి ఒకటింపావు దాటితే మనుషులందరినీ బయటికి తేవాలి. చేతి మీటరు షిఫ్టుకు ఒకటే, అది ఆ పూట ఇంకో చోట ఉంది, ఆయన దగ్గరున్నది ఆ దీపమే. ఆమె తెర చూసింది. పాయింట్ మూడు. పచ్చ. "పాయింట్ మూడే ఉంది కాకా." "మంచిగ జూడు బిడ్డా, నాకైతె ఒకటిన్నర మీదనే కొడ్తున్నది." అప్పుడే ఇంకోసారి పింగ్ కొట్టింది, ఉన్నావా, ఉన్నా. "చూసిన కాకా. లింకు గిట్ల అంత బాగనే ఉంది. పాయింట్ మూడే." అటువైపు ఎవరో దగ్గడం, ఎక్కడో యంత్రం చప్పుడు. తరువాత ఆయన నవ్వాడు. "అట్లయితె నా కండ్లే మసకలైనట్టున్నయ్ తియ్. ముసలోన్నయిన. పెట్టేస్తున్న బిడ్డా." నవ్వుతూనే పెట్టేశాడు. ఎండా ఆకలీ కలిసి ఆ పూట ఆమెకు కళ్లు మూతలు పడుతున్నాయి, ఫోను పెట్టి ముఖం కడుక్కొచ్చి కూర్చుంది. పావుగంట తరువాత సైరను మోగింది. సైరను మోగుతుంటే కూడా తెర మీద పాయింట్ మూడే ఉంది, పచ్చగా.

"గా మసక సంగతి అడుగుతరట బిడ్డా," అంది సారవ్వ ఉన్నట్టుండి, తలుపునే చూస్తూ.

ఖుష్నుమా చటుక్కున ఆమె వైపు తిరిగింది. ఈమెకెట్లా తెలుసు? ఆ మాట విన్నది ఇద్దరే, ఒకరు లేరు. "ఏ మసక చిన్నమ్మా?" అంది, తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

"మీ కాక కండ్లు. పోయినేడు దవాఖానల చూసినప్పుడు అద్దాలు పెట్టుకొమ్మని రాసిన్రట గద, గా కాయిదం దొరికిందట వీళ్లకు. యూనియన్ ఉపేందర్ రాత్రి ఇంటికొచ్చి చెప్పిండు. ఏడాది సంది చూపు సక్కగ లేకుండె అని చెప్పు వదినా, అంతటితోని కథ ఒడుస్తది, చిన్నోనికి అయ్య జాగల పని జల్ది అయితది, లేకుంటె ఏండ్లు తిప్పుతరు అన్నడు." సారవ్వ పైట చెంగును వేలికి చుట్టింది, విప్పింది. "మొన్న మొన్నటిదాక సూదిల దారం ఆయనే ఎక్కిచ్చెటోడు బిడ్డా నాకు. అద్దాలు పేపర్ సదవనీకి రాసిన్రు. నాకేం తోస్తలేదు. నీకు సదువొచ్చు, నువ్వు చెప్పు. ఏం చెప్పమంటవ్?"

అడిగింది. పదహారు రోజులుగా ఎవరూ అడగలేదని కదా సాకు, ఇదిగో అడిగింది, అడగాల్సిన మనిషే అడిగింది. చెప్పడానికి ఇంతకంటే బాగా దారి తెరుచుకోదు. కాక కండ్లు మంచిగనే ఉన్నయ్ చిన్నమ్మా, ఆయన చూసిండు, నాకు చెప్పిండు, నేనే కాదన్న. అయిదారు మాటలు. కానీ ఆ మాటల వెనక ఎన్ని ఉన్నాయి, ఉద్యోగం, పోలీసు, మంచంలో నాన్న, అమ్మ ముఖం, వాటికన్నా ముందు ఈ ముఖం, రెండు జానల దూరంలో ఉన్న ఈ ముఖం మారిపోవడం కళ్లారా చూడాలి. అదీగాక చెబితే వీళ్ల చిన్నోని పని ఆగిపోదా? ఆగిపోతుంది, ఏళ్లు పడుతుంది, ఉపేందర్ చెప్పింది నిజమే, అంటే చెప్పకపోవడమే వీళ్లకు మేలు కదా. ఎంత త్వరగా దొరికింది సాకు! సాకు దొరికిన తేలిక ఒళ్లంతా పాకింది, ఆ తేలికకు ఆమెకు సిగ్గేసింది, అయినా నోరు తన పని తాను చేసేసింది.

"నీ ఇష్టం చిన్నమ్మా," అంది.

తలుపు తెరుచుకుంది. ఆఫీసు జవాను రాయమల్లు తల బయట పెట్టి, "సారవ్వ, నర్సింగం భార్య," అని చదివాడు, ఏ రోజూ చూడని మనిషిని పిలిచినట్టు. రోజూ ఒకే వీధిలో తిరిగేవాళ్లే. సారవ్వ లేచి, సంచి ఖుష్నుమా ఒళ్లో పెట్టి, "జర చూస్తుండు బిడ్డా," అని లోపలికి పోయింది.

సంచి తేలిగ్గా ఉంది. నీళ్ల సీసా, ఏదో కాగితాల కవరు, ఒక చిన్న టిఫిను డబ్బా. ఇప్పుడు చెబుతోంది ఖుష్నుమా, ఖాళీ బెంచీకి చెబుతోంది, మనసులో మాటలు వరదలాగా వస్తున్నాయి. చిన్నమ్మా, ప్రమాదమైన నాలుగో రోజు నేను తెలుసుకున్న. ఆఫీసులో ఎవరూ లేని మధ్యాహ్నం. తెర అబద్ధం చెప్పదు, లింకు అబద్ధం చెప్పదు, మరి కాక దీపం ఎట్లా అబద్ధం చెప్పింది అని మనసు ఊరుకోక, పింగ్‌నే పెద్ద మూటగా కట్టి, దారిలో ముక్కలు చెయ్యొద్దని చెప్పి పంపింది. అరవై నాలుగు పోయింది. అయిదొందలు పోయింది. వెయ్యి పోయింది. పద్నాలుగు వందలు పోయింది. పద్నాలుగు వందల డెబ్బై రెండు, ఎక్కడైనా పోవాల్సిన సైజు, పోలేదు. జవాబు లేదు, తప్పు అని కూడా రాలేదు, ఏమీ రాలేదు. పద్నాలుగు వందల యాభై, పోలేదు. ముప్పై, పోలేదు. ఇరవై, పోయింది. ఇరవై రెండు, పోయింది. ఇరవై మూడు, పోలేదు. పద్నాలుగు వందల ఇరవై రెండు దాకా బతుకు, దాని మీద ఒక్క బైటు పెరిగితే గాలిలో కలిసిపోవడమే. ఎందుకో అప్పుడు అర్థమైంది. ఉత్తుత్తి కంప్యూటరు దగ్గరికి పోయే దారిలో ప్రతి మూటకూ పైన ఇంకో కవరు తొడుగుతారు, ఆ కవరుతో మూట కాస్త లావవుతుంది, దారి మాత్రం పాత కొలతే. నాన్న చెప్పేవాడు, టబ్బు నిండా సమంగా నింపితే పోతుంది, గోపురంగా పోస్తే పైకప్పు కిందికి దిగిన చోట ఇరుక్కుంటుంది అని. అక్కడున్న మనిషి వెనక్కి కేక వేస్తాడు, తగ్గించి నింపండి అని. నెట్‌వర్కులోనూ ఆ కేక ఉంటుంది, పెద్దదైంది, తగ్గించి పంపు అని వెనక్కి ఒక చీటీ వస్తుంది. జూన్‌లో ఆడిట్‌కు వచ్చిన సారు అనవసరమైన తిరుగు చీటీలన్నీ మూసెయ్యమన్నాడు. ఏవి అనవసరమో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. పింగ్ ఒక్కటి ఉంచి, ఈ చీటీతో సహా అన్నీ మూసేసింది. తన చేత్తో.

దాంట్లో ఉన్న దుర్మార్గం ఏమిటంటే చిన్నమ్మా, అంకెలు మారితేనే బాయి కంప్యూటరు పంపుతుంది. అంతా బాగున్న రోజు పంపడానికేమీ ఉండదు, చిన్న మూట, హాయిగా వస్తుంది. గ్యాసు లేచి అన్ని చోట్లా అంకెలు ఒక్కసారి మారితే, హెచ్చరికలన్నీ కలిస్తే, అప్పుడే మూట పెద్దదవుతుంది. బాగున్నాం అన్న మాట వెయ్యిసార్లు వచ్చింది. చచ్చిపోతున్నాం అన్నది ఒక్కసారి కూడా రాలేదు, దాని వెనక వచ్చేవన్నీ అక్కడే ఆగిపోయాయి, తెర చివరిసారి అందిన పాయింట్ మూడును పట్టుకొని కూర్చుంది. బాయి ఆఫీసు కంప్యూటరు పోని అంకెలను ఒక్కరోజే దాచుకుంటుంది, నాలుగో రోజుకు అవి లేవు. అప్పుడన్నా ఆమె దేన్నీ ముట్టుకోకుండా ఎవరినైనా పిలవాల్సింది. కానీ ఇంకో మూడు బాయిలు అదే దారిలో అంకెలు పంపుతున్నాయి, గోడ గడియారంలో రెండూ పది, మూడింటికి సెకండ్ షిఫ్టు దిగుతుంది. ఏడొందల మంది. సైజును పద్నాలుగు వందలకు తగ్గించింది, మూసిన చీటీల దారి తెరిచింది, పెద్ద మూట పంపి చూసింది, పోయింది, ఇంకోటి, పోయింది. ఏడుస్తూ రిజిస్టరులో రాసింది, లింక్ ఓకే. ఆ పూట ఆమె చేసినదాంట్లో తప్పేమీ లేదు. కానీ తప్పు సరిచేయడంతో తప్పు జరిగిందన్న జాడ కూడా పోయింది. ఇప్పుడది ఈ లోకంలో ఒక్కచోటే ఉంది, ఆమె తలలో.

లోపలికి పోయి ఇదంతా చెప్పేస్తా, అనుకుంది. అనుకోగానే ఒళ్లు తేలికపడింది, ఇది ఇందాకటి దొంగ తేలిక కాదు. చెప్పేస్తా. ఉద్యోగం పోనీ. నాన్నకు నేనే చెబుతా. సారవ్వ ఏం చెప్పినా నేను చెప్పేది చెబితే కాక పేరు నిలబడుతుంది, ఆయన చూశాడు, చెప్పాడు, అంతే కదా కావలసింది. ఇంత సులువైనదాన్ని ఇన్ని రోజులు ఎందుకు మోశానా అనుకుంటుండగా తలుపు తెరుచుకొని సారవ్వ బయటికి వచ్చింది. కుడి బొటనవేలు నీలంగా ఉంది, దాన్ని చీరకు తగలకుండా దూరంగా పట్టుకుంది. బెంచీ దాకా వచ్చి కూర్చోలేదు, నిలబడే ఉంది.

"మీ కాకను గుడ్డోన్ని చేసిన బిడ్డా," అంది. ఏడవలేదు.

రాయమల్లు ఖుష్నుమా పేరు పిలిచాడు.

లోపల పొడుగు బల్ల, ముగ్గురు మనుషులు, మధ్యన ఉన్నాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు, అలసిపోయిన ముఖం, చెడ్డ ముఖం కాదు. కూర్చోమన్నా ఆమె కూర్చోలేదు. ఆయన ప్రశ్న వేయకముందే మొదలుపెట్టింది, ఫోను, టోపీ, పాయింట్ మూడు, మూట, కవరు, తాను మూసిన దారి, పద్నాలుగు వందల ఇరవై రెండు, ఒక్కటీ మిగలకుండా చెప్పింది. కాక చివర్న అన్న మాట కూడా దాచలేదు, ఈసారి ఏదీ దాచకూడదనుకుంది. ముగ్గురూ విన్నారు. పక్కన కూర్చొని రాసుకుంటున్నాయన కలం ఆపాడు.

"ఆయన ఫోన్ చేసినట్టు ఎక్కడైనా రాసి ఉందా అమ్మా?" అని అడిగాడు మధ్యన ఉన్నాయన.

"లేదు సార్."

"ఈ లోపం ఇప్పుడు చూపించగలరా?"

"లేదు సార్. సరిచేసిన. మిగతా బాయిలల్ల మనుషులు దిగుతున్నరని."

ఆయన ఎదుటి కాగితాన్ని తిప్పి చూశాడు. దాని కింద తడి ఆరని నీలం వేలిముద్ర ఉంది. "మీరన్నట్టే ఫోన్ చేశాడనుకుందాం. దీపంలో గ్యాసు కనిపించింది అన్నాడనే అనుకుందాం. కానీ ఏడాదిగా ఆయనకు చూపు సరిగా లేదని భార్యే చెప్పి వేలిముద్ర వేసి వెళ్లింది, అయిదు నిమిషాలు కాలేదు. డాక్టరు కాగితమూ ఉంది. కళ్లు మసకలయ్యాయని మీతో ఆయనే అన్నాడని మీరే చెబుతున్నారు. అట్లాంటి మనిషి దీపంలో ఏదో చూశాడంటే దాన్ని మేం ఎట్లా లెక్కలోకి తీసుకుంటాం?" గొంతు ఇంకా మెత్తబడింది. "మీరు తెర మీద ఉన్నదే చెప్పారు. రిజిస్టరు చూశాం, లింకు ఓకే అనే ఉంది. మీ తప్పేమీ లేదు. చిన్నపిల్ల, మనసు కష్టపెట్టుకోకండి."

తప్పు నాదే సార్ అంది. ఆయన తల ఊపాడు, బాధలో ఉన్నవాళ్లు ఇట్లాగే అంటారన్నట్టు. నేను చెప్పింది రాయండి సార్ అంది. రాస్తాం రాస్తాం అన్నాడు. వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టింది. ఆ కాగితం మీద ఎన్ని లైన్లున్నాయో చూసింది, మూడు.

బయట వాన తగ్గింది. సారవ్వ బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది, పోలేదు. "ఆటోల కలిసి పోదమని ఉన్న బిడ్డా. ఒక్కదాన్ని ఇంట్లకు పోబుద్ధి అయితలేదు. ఏమడిగిన్రు నిన్ను?"

ఖుష్నుమా నిలబడే చెప్పింది. మూటల సంగతీ కవర్ల సంగతీ ఏదీ చెప్పలేదు, వాటి అవసరమే లేకపోయింది. కాక కండ్లు మంచిగనే ఉండె చిన్నమ్మా. దీపంల గ్యాసు చూసిండు. ఒకటిన్నర మీద కొడ్తున్నదని నాకు ఫోన్ చేసిండు. నా కంప్యూటర్ల పాయింట్ మూడే ఉన్నదని, నీదే తప్పని నేను చెప్పిన. నా మాట నమ్మి ఆడనే ఉన్నడు. సారవ్వ ఒక్క మాటా అడ్డం పెట్టకుండా విన్నది. విన్నాక మూసిన తలుపు వైపు చూసింది, తన నీలం వేలు చూసుకుంది.

"ఇప్పుడు నేను మల్ల పోయి, మంచిగనే కనవడుతుండె అని చెప్తె?"

"ఇనరు చిన్నమ్మా."

సారవ్వ తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. తరువాత తల ఎత్తి ఖుష్నుమా కళ్లలోకి చూసింది.

"ఇందాక నా పక్కన కూసున్నవ్ గద. ఏం చెప్పమంటవని నిన్ను అడిగిన. అప్పుడు గూడ నీకు ఎరికేనా బిడ్డా?"

"ఎరికే," అంది ఖుష్నుమా.

సారవ్వ సంచి తీసుకొని లేచింది. ఖుష్నుమా రోడ్డు దాకా ఆమె వెనకాలే నడిచింది, బురదలో ఆమె చెప్పు ఇరుక్కుంటే వంగి తీసిచ్చింది, సారవ్వ తీసుకుంది. ఆటో ఆగింది. వెనక సీటులో ఇద్దరికి చోటుంది. సారవ్వ ఎక్కి ఈ చివరే కూర్చుంది, జరగలేదు.